అలసిన ఉత్ప్రేరకమునకు పునర్జీవము

బజ్జీలు వేయగా మిగిలిన నూనెను ఏమి చేయవలెనన్న ప్రశ్న ప్రతి వంటింటను వచ్చునదే. మొదటి వాయికి పలుచగా, లేత పసుపు రంగుతో ఉన్న నూనె నాలుగు వాయలు దిగుసరికి నల్లబడును, చిక్కబడును, మూకుడు అంచున జిగురువలె అంటుకొనును. మా యింట ఈ విషయమున రెండు పక్షములు గలవు. పారబోయవలెనని ఒక పక్షము. వడగట్టి తిరుగమోతకు వాడవచ్చునని రెండవ పక్షము. వాదము ఇంతవరకు తేలలేదు. నూనెలో జరిగినదేమో మాత్రము రసాయన శాస్త్రజ్ఞులకు తెలియును. వేడికి నూనె అణువులు కొన్ని ఒకదానితో ఒకటి అతుకుకొని పెద్ద అణువులైనవి. ఆ జిగురు గుడ్డలో వడగట్టినంత మాత్రమున పోదు. నూనెలోనే కరిగి యుండును.

నేడు మేము చెప్పదలచినది వంటనూనెను గూర్చి కాదు. పెట్రోలు తయారుచేయు కర్మాగారములలో ఇటీవల ప్రవేశించిన ఒక వింత ద్రవమును గూర్చి. అదియు ఇట్లే వాడగా వాడగా జిగురెక్కి చెడును. దానిని పారబోయుటకు వీలులేదు, అంత వెలగలది. వడగట్టిన బాగుపడదు. దానిని మరల పనికి వచ్చునట్లు చేయు ఉపాయము దొరకిన తరువాతనే అది కర్మాగారము గడప తొక్కగలిగినది.

ముందు ఆ ద్రవమేమో చెప్పుకొందము. మనము తిను ఉప్పులో సోడియము, క్లోరిను ఉన్నవని చదువుకొను పిల్లలందరు ఎరుగుదురు. అవి అందులో విద్యుదావేశము గల కణములుగా ఉండును: ఒకటి ధనము, రెండవది ఋణము. ఇట్టి కణములకే అయానులని పేరు. ఎదురెదురు ఆవేశములు గల ఈ అయానులు ఒకదానినొకటి గట్టిగా పట్టుకొని యుండుటచేత ఉప్పు కరుగవలెనన్న 801 సెంటీగ్రేడు డిగ్రీల వేడి కావలెను. నీటిలో కరుగుట వేరు. మేము చెప్పునది మంచుగడ్డ కరిగినట్లు కరుగుట. ఇప్పుడు ఆ అయానులలో ఒకదానిని పెద్దదిగా, వంకరటింకరగా మార్చితిమనుకొనుడు. అవి వరుసగా పేర్చుకొనజాలవు. సంచిలో గోలీలు సర్దుకొన్నట్లు చింతకాయలు సర్దుకొనవు గదా! అట్టి లవణము పొయ్యి మీద పెట్టకయే ద్రవముగా నుండును. దీనినే అయానిక ద్రవమందురు. చుక్క నీరు లేని, అంతయు ఉప్పే అయిన ద్రవమన్నమాట.

ఇది నిన్న మొన్నటి ఊహ కాదు. 12 డిగ్రీలకే కరుగు ఒక లవణమును పాల్ వాల్డెన్ అను రసాయన శాస్త్రజ్ఞుడు 1914లోనే వర్ణించినాడు. దానివలన ఉపయోగమేమో అప్పుడెవ్వరికిని తోచలేదు. 1951లో అమెరికాలో హర్లీ, వియర్ అను ఇరువురు అల్యూమినియము క్లోరైడుతో మరియొక కర్బన లవణమును కలిపి, ఆ ద్రవముతో లోహములకు అల్యూమినియము పూత పూయుటకు ప్రయత్నించినారు. తరువాత అమెరికా వైమానిక దళపు విద్యాలయములో బ్యాటరీల కొరకు అదే జాతి ద్రవములను పరిశోధించినారు. పూతకును బ్యాటరీకిని పుట్టిన ద్రవము పెట్రోలు పరిశ్రమకు అక్కరకు రావలసి యున్నది. ఎందుకనగా, అల్యూమినియము క్లోరైడు గొప్ప ఉత్ప్రేరకమని ఫ్రీడెల్, క్రాఫ్ట్స్ అను వారు 1877లోనే కనుగొనియున్నారు. ఉత్ప్రేరకమనగా తాను ఖర్చుగాక ఇతర పదార్థముల చర్యను త్వరపరచునది. తాను ఖర్చుగాదన్నది పాఠ్యపుస్తకములోని మాట. కర్మాగారములో అది ఎంతవరకు నిజమో ముందు తెలియును.

పెట్రోలు పరిశ్రమకు దీనితో ఏమి పని? ముడి చమురును శుద్ధి చేసి, బరువైన భాగములను విరుగగొట్టునప్పుడు కొన్ని వాయువులు పుట్టును. అందు నాలుగేసి కర్బన పరమాణువులు గల ఐసోబ్యూటేను, బ్యూటిలీను అనునవి ముఖ్యమైనవి. అవి వాయువులు గనుక పెట్రోలులో కలుపుటకు అంతగా పనికిరావు. నాలుగును నాలుగును కలిపి ఎనిమిది చేసినచో చక్కని ద్రవమగును. దానికి ఆల్కిలేటు అని పేరు. ఆ చర్యకు ఆల్కిలేషను అని పేరు. ఇంజనులో తట్టుడు శబ్దము రాకుండ కాలు గుణమును ఆక్టేను సంఖ్యతో కొలుచుదురు. ఆల్కిలేటు ఆక్టేను సంఖ్య సాధారణముగా 90కి పైమాటే. అందు గంధకము ఇంచుమించుగా లేదు, బెంజీను లేదు. పూర్వము ఈ గుణము కొరకు పెట్రోలులో సీసపు సమ్మేళనమును కలిపెడివారు. అది పిల్లల మెదడునకు చేటని తేలిన పిదప ఒక్కొక్క దేశము దానిని మానివేసినది. మన దేశమున 2000 ఫిబ్రవరితో సీసపు పెట్రోలు ఆగినది. 2021లో అల్జీరియా ఆపుటతో ప్రపంచమున ఎచ్చటను వాహనములకు దాని అమ్మకము లేకుండ పోయినది. సీసమును తీసివేసిన పిదప ఆల్కిలేటు వంటి పదార్థములకు గిరాకీ పెరిగినదనుటలో వింత లేదు.

ఆల్కిలేషనును కనుగొన్నవారు వ్లదిమీర్ ఇపాతియెఫ్, హెర్మన్ పైన్స్ అనువారు. ఇపాతియెఫ్ జారు చక్రవర్తి సైన్యములో సేనానిగా నుండి, వయసు మళ్ళిన పిదప అమెరికాకు వలసపోయిన రసాయన శాస్త్రజ్ఞుడు. 1930ల ఆరంభమున వారు ఈ చర్యకు తీవ్రమైన ఆమ్లము కావలెనని చూపినారు. రెండవ ప్రపంచయుద్ధమున విమానముల పెట్రోలుకు ఈ పద్ధతి మూలాధారమైనది. అప్పటినుండి పరిశ్రమ రెండే ఆమ్లములను నమ్ముకొని యున్నది: ఒకటి గంధకికామ్లము, రెండవది హైడ్రోఫ్లోరికామ్లము.

గంధకికామ్లముతో చిక్కేమనగా, అది త్వరగా చెడును. నూటికి 98 పాళ్ళ బలముతో లోనికి పోయిన ఆమ్లము 90 పాళ్ళకు దిగునప్పటికి జిగురు పట్టి నల్లనై పనికిరాకుండ పోవును. ఒక టన్ను ఆల్కిలేటు చేయుటకు 70 నుండి 100 కిలోగ్రాముల ఆమ్లము ఇట్లు చెడును. దానిని బాగుచేయు పద్ధతి లేకపోలేదు. కాని అది బాగుచేయుట కంటె చంపి మరల పుట్టించుట వంటిది. సుమారు 1000 డిగ్రీల కొలిమిలో దానిని కాల్చి, గంధకపు వాయువుగా మార్చి, ఆ వాయువును కడిగి ఆరబెట్టి, వేరొక ఉత్ప్రేరకము మీదుగా నడిపి, మరల ఆమ్లము చేయవలెను. అనేక చోట్ల ఈ కొలిమి వేరొక ఊరిలో నుండును. చెడిన ఆమ్లము తొట్టి బండ్లలో పోవును, కొత్త ఆమ్లము తొట్టి బండ్లలో వచ్చును.

హైడ్రోఫ్లోరికామ్లము అంతగా చెడదు. చెడినదానిని అచ్చటనే బట్టీపట్టి శుభ్రపరచవచ్చును. ఖర్చు విషయమున అది మేలు. అయితే అది 19 డిగ్రీల పైచిలుకు వేడికే మరుగును. మన ఊళ్ళలో పగటి వేడిమికి దానిని వాయువనియే చెప్పవలెను. గొట్టము పగిలినచో తెల్లని మేఘమై నేలను అంటి ప్రాకును. చర్మమును దాటి లోనికి పోయి, రక్తములోని కాల్షియమును పట్టుకొని, గుండెను ఆపగలదు. 1987 అక్టోబరులో అమెరికాలోని టెక్సాస్ సిటీలో, క్రేను ఎత్తుచున్న బరువు జారి ఈ ఆమ్లపు తొట్టి గొట్టములపై బడినది. వేలకొలది జనము ఇండ్లు విడిచి పోవలసివచ్చినది. వేయిమందికి పైగా ఆసుపత్రులకు చేరినారు.

2019 జూన్ 21 తెల్లవారుజామున ఫిలడెల్ఫియా నగరపు శుద్ధి కర్మాగారములో జరిగినది ఇంకను ఆలోచింపదగినది. ఆల్కిలేషను విభాగములో 1973 ప్రాంతమున అమర్చిన ఒక మోచేతి వంపు గొట్టము లోలోపల తినివేయబడి, అంగుళములో నూరవ వంతు మందమునకు వచ్చి, పగిలినది. చుట్టుపట్ల గొట్టములు బాగుగనే ఉన్నవి; ఈ ఒక్క ముక్క ఉక్కులో నికెలు, రాగి పాళ్ళు ఎక్కువగుటచేత అది తక్కినవానికంటె వేగముగా అరిగినది. మంటలు, ప్రేలుళ్ళు వరుసగా కలిగినవి. సుమారు 17 టన్నుల పాత్ర ముక్క ఒకటి ఎగిరి నది ఆవలి గట్టున పడినది. 5000 పౌనులకు మించి ఆమ్లము బయటపడినది. నియంత్రణ గదిలోని ఉద్యోగి వెంటనే తక్కిన ఆమ్లమును ప్రత్యేక తొట్టిలోనికి దింపుట వలన పెనుముప్పు తప్పినది. ఆమ్లమేఘమును అణచవలసిన నీటి పంపులు మాత్రము దూరమునుండి పనిచేయలేదు. సుమారు 40 నిమిషముల పిదప ఒక ఉద్యోగి స్వయముగా పోయి త్రిప్పవలసివచ్చినది. ప్రాణనష్టము కలుగలేదు. ఆ కర్మాగారము మరల తెరువబడలేదు.

ఇట్టి ఆమ్లమునకు బదులుగానే పైన చెప్పిన ద్రవ లవణమును వాడజూచినారు. పిరిడీను అను కర్బన పదార్థమునుండి చేసిన పెద్ద అయాను ఒక వైపు. అల్యూమినియము క్లోరైడు రెండేసి అణువులుగా చేరిన అయాను మరియొక వైపు. ఈ రెండవదానిలోనే ఉత్ప్రేరక శక్తి యున్నది. ఇది ఆవిరియై మేఘము కాదు. గొట్టము పగిలిన నేలపై పడి ఉండును. గాలిలోని తేమ తగిలిన హైడ్రోక్లోరికామ్లపు పొగ వచ్చును. అది మంచిది కాదు, కాని ఊరి మీదికి ప్రాకునది కాదు. పాత ఆమ్లములు చర్యాపాత్రలో సగము వరకు ఆక్రమించుచుండగా, ఇది నూటికి అయిదారు పాళ్ళున్న చాలును. నూనె కంటె బరువైనది గనుక పని ముగిసిన పిదప అడుగునకు దిగును. పైనున్న ఆల్కిలేటును తీసికొని, అడుగుదానిని మరల పాత్రలోనికి పంపవచ్చును.

చదువుటకు ఇంత చక్కగా నున్నది. ఇక జిగురు సంగతికి వత్తము.

బ్యూటిలీను అణువులు ఐసోబ్యూటేనుతో కలియుటకు బదులు కొన్ని తమలో తామే అతుకుకొని, చుట్టలు చుట్టుకొని, పెద్ద పెద్ద అణువులగును. ఈ చర్యను గుర్తించి పేరుపెట్టినవారు కూడ ఇపాతియెఫ్, పైన్సులే. మేలు చేయు చర్యను, కీడు చేయు చర్యను ఒకే జంట కనుగొనుట అరుదు. ఈ పెద్ద అణువులలో ద్విబంధములు మిక్కుటముగా నుండును. ద్విబంధము ఖాళీగా నున్న చేయి వంటిది, దొరకినదానిని పట్టుకొనును. అచ్చట దొరకునది అల్యూమినియము క్లోరైడే. పట్టుకొన్నది విడువదు. క్రమముగా ద్రవము ఎరుపెక్కి, నల్లబడి, చిక్కబడి, శక్తి కోల్పోవును. ఉత్ప్రేరకము ఖర్చుకాలేదు, లోపలనే ఉన్నది, కాని చేతులు కట్టివేయబడినవి.

విడిపించుట ఎట్లు? నీరు పోసినచో జిగురు విడివడును. అయితే నీటితో అల్యూమినియము క్లోరైడు కూడ నాశనమగును. ఎలుకలున్నవని ఇల్లు తగులబెట్టుకొన్నట్లు. ద్రవములో జిగురెంత ఉన్నదో తూచి తెలిసికొనుటకు మాత్రము ప్రయోగశాలలో ఈ పద్ధతి పనికివచ్చును.

రెండవ ఉపాయము అల్యూమినియము పొడి. చెడిన ద్రవములో ఆ లోహపు పొడి వేసి కలిపినచో, అందులోని హైడ్రోక్లోరికామ్లముతో చర్య జరిగి ఉదజని పుట్టును. అప్పుడే పుట్టిన ఉదజని జిగురు అణువుల ద్విబంధములను నింపివేయును. ఖాళీ చేతులు నిండినవి గనుక అవి పట్టు సడలించును. ఇది చక్కగనే పనిచేయును. కాని లోహము ఖర్చగుచుండును. అదిగాక కొత్త అల్యూమినియము క్లోరైడు అవసరమునకు మించి చేరును. ఆ మిగులును ద్రవమును చల్లార్చి స్ఫటికములుగా తీయవలెను. గాజుకుప్పెలో ఇది వినోదము. రేయింబవళ్ళు నడుచు కర్మాగారములో తలనొప్పి.

మూడవది శ్రోతలలో పెద్దవారికి పరిచయమైనదే. వేరుసెనగ నూనెను గడ్డకట్టిన వనస్పతిగా మార్చుటకు నికెలు పొడి సమక్షమున ఉదజనిని పట్టింతురు. నికెలు ఇట్లు పనిచేయునని చూపిన పాల్ సబాటియే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞునకు 1912లో నోబెల్ బహుమానము లభించినది. అదే ఉపాయమును ఈ ద్రవమునకు వర్తింపజేసినారు. చెడిన ద్రవమును వేడిచేసి, ఒత్తిడితో ఉదజనిని కలిపి, నికెలు వంటి లోహమున్న పాత్రగుండ పంపుదురు. ద్విబంధములు నిండును, జిగురు సాధారణమైన నూనె యగును. నూనెకును లవణ ద్రవమునకును పొత్తు లేదు. మజ్జిగ చిలికిన వెన్న వలె పైకి తేలును, లేదా ఐసోబ్యూటేనుతో కడిగి లాగివేయవచ్చును. ఆ సందర్భమున వెలువడు హైడ్రోక్లోరికామ్ల వాయువును కూడ వ్యర్థము చేయక మరల చర్యాపాత్రకు పంపుదురు. ఒక ఉత్ప్రేరకమునకు జబ్బుచేసినచో మరియొక ఉత్ప్రేరకము వైద్యము చేయుచున్నదన్నమాట.

ఇందులో మమ్ము మిక్కిలి ఆకర్షించినది వేరొక అంశము. ద్రవమంతయు చెడువరకు ఆగి, ఒక్కమారుగా బాగుచేయరు. తిరుగుచున్న ప్రవాహమునుండి ఒక చిన్న పాయను నిరంతరము ప్రక్కకు తీసి, శుభ్రపరచి, మరల కలిపివేయుదురు. పెద్ద ప్రవాహము తన పని తాను చేయుచునే యుండును. మన దేహమున మూత్రపిండములు రక్తమును శుభ్రపరచు విధమిదే. కావున జిగురు పూర్తిగా ఎన్నడును పోదు, ఎన్నడును హద్దు దాటదు. ఎంత జిగురు ఉండనీయవలెను, ఎంత పాయను త్రిప్పవలెనన్నది తూకము చూచి నిర్ణయింపవలసిన విషయము.

ఈ మార్గమున అమెరికాలోని షెవ్రాన్ సంస్థ ఏండ్ల తరబడి శ్రమించి, సాల్ట్ లేక్ సిటీలో తనకున్న హైడ్రోఫ్లోరికామ్లపు ఆల్కిలేషను విభాగమును అయానిక ద్రవపు విభాగముగా మార్చి 2021లో నడుపనారంభించినది. చైనాలో దీనికి ముందే, వేరొక మార్గమున, రాగి క్లోరైడును కూడ చేర్చిన మిశ్రమ లవణముతో ఆల్కిలేటును పారిశ్రామికముగా తయారుచేసినారు. ఆ పద్ధతిలో శక్తి తగ్గిన ద్రవమునకు తగ్గిన భాగములను మరల చేర్చి బలము నిలుపుట ముఖ్యము.

పునరుద్ధరణ ప్రతిచోట ఇంత కష్టము కానక్కరలేదని చెప్పుటకు జర్మనీనుండి ఒక ఉదాహరణము ఇచ్చెదము. బి.ఏ.ఎస్.ఎఫ్. సంస్థ 2002 నుండి నడిపిన ఒక పద్ధతిలో, చర్యలో పుట్టు ఆమ్లమును మిథైల్ ఇమిడజోలు అను క్షారము పట్టుకొని, లవణమై, 75 డిగ్రీలకే కరిగి, అడుగున వేరుపొరగా నిలుచును. పూర్వము ఇట్టి చోట్ల ముద్దవంటి ఘనలవణము ఏర్పడి, వడబోయలేక పనివారు విసిగిపోయెడివారు. ఇప్పుడు అడుగు పొరను కుళాయి త్రిప్పి తీసి, కాస్టిక్ సోడా కలిపిన, మిథైల్ ఇమిడజోలు మరల చేతికి వచ్చును. అచ్చట ఆ లవణమును కలకాలము లవణముగా నిలుపవలసిన పనియే లేదు.

అయానిక ద్రవములను కొందరు పర్యావరణమునకు మిత్రములని ముందుగనే పొగడినారు. ఆవిరి కావన్నది నిజమే. ఆవిరి కానిదెల్ల నిరపాయమని చెప్పరాదు; వీనిలో కొన్ని నీటిలోని జీవులకు విషములే. గంధకికామ్లము కంటె ఇవి ఎన్నో రెట్లు ప్రియము. ఒకసారి వాడి పారవేయవలసివచ్చినచో, ధరకు కొనువాడు లేడు, పారవేయుటకు చోటు లేదు. అందుచేత వీని మంచితనమంతయు మేము చెప్పిన ఆ చిన్న పాయ మీదనే ఆధారపడి యున్నది.

పునరుద్ధరణకు లొంగని రోగములు కూడ గలవు. లోనికి వచ్చు బ్యూటిలీనులో తేమ ఉన్నచో అది అల్యూమినియము క్లోరైడును శాశ్వతముగా తినివేయును; ఉదజని దానిని బాగుచేయలేదు. అందుచేత ముడిసరకును ముందుగనే బాగుగ ఆరబెట్టవలెను. అయినను కొంత నష్టము తప్పదు. ఆ కొంత ద్రవమును బయటికి తీసి, క్షారముతో శాంతింపజేసి, ఆ మేరకు కొత్తది కలుపవలెను. ఫిలడెల్ఫియా ప్రమాదము నాటికి అమెరికాలో నలువదికి పైగా శుద్ధి కర్మాగారములు హైడ్రోఫ్లోరికామ్లమునే వాడుచుండెను. మార్పునకు అయ్యెడి ధనవ్యయము పెద్దది. పాత విభాగము నేటికిని నడుచుచున్నదను మాట యజమానులకు బలమైన వాదము. ఫిలడెల్ఫియాలోని ఆ మోచేతి గొట్టము కూడ ముందురోజు వరకు నడుచుచునే యున్నది.

మా యింటి బజ్జీల నూనెకు ఈ వైద్యము పనికివచ్చునా అని రెండవ పక్షమువారు మమ్మడిగినారు. ఒత్తిడితో ఉదజనిని, నికెలును ప్రయోగించిన నూనె శుభ్రపడుట అటుండగా వనస్పతిగా గడ్డకట్టును. జిగురు అందులోనే యుండును. వాదము ఇంకను తేలలేదు.